చెవిని అడిగే తీరు

మే నెల, బెజవాడ ఎండ. మధ్యాహ్నం మూడింటికి మా మేనకోడలు రెండు భుజాలకూ రెండు గిటార్లు తగిలించుకుని చెమటలు కక్కుతూ మా గుమ్మంలో నిలబడింది. ఒకటి నాలుగేళ్లుగా తను వాయిస్తున్న యమహా ఎఫ్310. రెండోది దుకాణంలో డిపాజిట్ కట్టి రెండు రోజులకు తెచ్చుకున్న కొత్త గిటార్. దాని వీపూ పక్కలూ నల్లగా నిగనిగలాడే రోజ్‌వుడ్. మంచినీళ్లు కూడా తాగకుండానే మొదలుపెట్టింది.

"మావయ్యా, షాపులో ఇది గణగణ మోగింది. ఇంటికి తెచ్చి వాయిస్తే అందులో సగం కూడా లేదు. వేరేది ఇచ్చాడేమో?"

"షాపులో ఎవరు వాయించారు తల్లీ?"

"షాపాయనే."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఆయనకి ఎదురుగా నిలబడ్డాను."

అదీ సంగతి. గిటార్ నాదంలో పదునైన భాగం పలకకు ఎదురుగా ఉన్నవాళ్లకు ఎక్కువగా అందుతుంది. ఒళ్లో పెట్టుకుని వాయించేవాళ్లకు అదే నాదం అంచు మీదుగా, కాస్త మెత్తబడి వినిపిస్తుంది. పైగా షాపాయన ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న మనిషి, ఆ గది నిండా గాజు అద్దాలూ నున్నటి టైల్సూ. అంతా కలిసి అక్కడ గణగణ. ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు. మేనకోడలు పోల్చి చూస్తున్నాననుకుంది గానీ, ఆ రెండు వినికిళ్ల మధ్య నాలుగైదు సంగతులు మారిపోయాయి, గిటార్ తప్ప.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ చెవి మంచిదే. దాన్ని ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగాలి. తీగలు వేరు, చోటు వేరు, వాయించే చెయ్యి వేరు, మోత వేరు అయినప్పుడు "ఏ గిటార్ బాగుంది?" అని అడిగితే ఏ చెవి మాత్రం ఏం చెబుతుంది? ఆ తేడాలను ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ వస్తే చివరికి గిటార్ల మధ్య తేడా మాత్రం మిగులుతుంది. అప్పుడు జవాబు దానంతటదే వస్తుంది. ఈ పని దుకాణంలో కుదరదు, ఇంట్లోనే కుదురుతుంది.

"నాకంత చెవి లేదండీ, సంగీతం నేర్చుకోలేదు" అనేవాళ్లు చాలామంది తగులుతుంటారు. వాళ్లకు నేను కుండల అంగడి గుర్తుచేస్తాను. ఎండాకాలం మంచినీళ్ల కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ దాన్ని ఎడమచేతిలో ఎత్తిపట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి వినేది. ఖంగుమంటే పక్కన పెట్టేది. బొంగురుగా, పగిలిన గొంతులా వస్తే తిరిగి కుప్పలో పెట్టేసేది. కంటికి కనపడని బీటను ఆమె చెవి పట్టేసేది. ఏ పాఠశాలలోనూ నేర్చుకోలేదు. పుచ్చకాయ కొనేటప్పుడు మీరూ చేసే పనే అది. గిటార్లు తయారుచేసే నిపుణులు కూడా పైపలకను పలచన చేస్తున్నంతసేపూ వేలితో తట్టి తట్టి వింటూనే ఉంటారు. చెవి అందరికీ ఉంది. కుండల అంగట్లో మా అమ్మమ్మకు కలిసొచ్చిన సంగతి ఏమిటంటే, అన్ని కుండలూ అదే చెయ్యి, అదే వేలు, అదే చోటు. మనం ఇంట్లో చెయ్యాల్సింది కూడా ఆ ఏర్పాటే.

ముందు తీగలు

మేనకోడలి పాత గిటార్ తీగల మీద వేలు నడిపి చూశాను. గరుకుగా తగిలింది. తుడిచిన గుడ్డ మీద నల్లటి చార పడింది.

"ఇవి వేసి ఎన్నాళ్లయింది?"

"పోయిన దసరాకి మార్చినట్టున్నా."

ఎనిమిది నెలలు. మన కోస్తా ఉక్కపోతలో రోజూ వాయించే గిటార్‌కి అది చాలా ఎక్కువ. లావు తీగలు ఉక్కు తీగ మీద కంచు చుట్టినవి. ఆ చుట్ల సందుల్లో చెమటా జిడ్డూ చేరి, కంచు నల్లబడి, తీగ బరువెక్కి బిగుసుకుపోతుంది. ముందు పోయేది నాదంలోని మెరుపు. ఇది రోజుకింత చొప్పున పోతుంది కాబట్టి వాయించేవాళ్లకు తెలియదు. ఒకరోజు ఎక్కడో కొత్త గిటార్ ముట్టుకుంటారు, "అబ్బ! ఎంత తేడా!" అనుకుంటారు. ఆ తేడాలో పెద్ద వాటా తీగలదే. ఐదారొందల్లో పోయేదానికి పదిహేను వేలు పెట్టినవాళ్లను నేను చూశాను.

అందుకే పోల్చదలచిన గిటార్లన్నిటికీ ఒకే రకం, ఒకే మందం, ఒకే వయసు తీగలు ఉండాలి. ఇందులో రాజీ లేదు. మందం ఎంత ముఖ్యమో ఒక లెక్కతో చెబుతాను. 12 నుంచి 53 అని పెట్టె మీద రాసి ఉండే సెట్టును శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి బ్రిడ్జిని 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి. 10 నుంచి 47 సెట్టు లాగేది 50 కిలోల పైచిలుకే. పైపలకను కదిలించేది ఆ లాగుడే కదా. సన్న తీగలున్న మంచి గిటార్, లావు తీగలున్న మామూలు గిటార్ ముందు వెలవెలబోతుంది. లోహం కూడా చూడాలి. 80/20 అని రాసి ఉండే కంచు తీగలు మొదట్లో ఖంగుఖంగుమంటాయి. డి'అడారియో కంపెనీ 1974లో తెచ్చిన ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు కొంచెం గుండ్రంగా, నిండుగా పలుకుతాయి. ఒక గిటార్‌కి అవీ, ఇంకోదానికి ఇవీ వేసి పోలిస్తే మీరు పోల్చింది తీగలను.

దుకాణం గిటార్ తీగలు మనం ముట్టుకోకూడదు. ఫోన్ చేసి అడిగితే 12 నుంచి 53 ఫాస్ఫర్ బ్రాంజ్, ఈ వారమే వేశాం అన్నారు. మేనకోడలు వెళ్లి అవే రెండు సెట్లు తెచ్చింది. ఒకటి తన ఎఫ్310కి, రెండోది నా గిటార్‌కి. నాది యమహాలోనే ఎఫ్‌జీ800. ఎఫ్310 పైపలక స్ప్రూస్ పొరలు అతికించింది. ఎఫ్‌జీ800 పైపలక పొరలు లేని స్ప్రూస్ చెక్క. దుకాణం గిటార్ పైపలక కూడా పొరలు లేని స్ప్రూసే, వీపూ పక్కలే రోజ్‌వుడ్. పోల్చడానికి ఇంతకంటే మంచి ముగ్గురు దొరకరనిపించింది.

సాయంత్రం తీగలు వేశాం. కొత్త తీగలు సాగుతూ ఉంటాయి. పది నిమిషాలకోసారి శ్రుతి దిగిపోతుంది. ఒక్కో తీగనూ వేలితో మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేశాం. పడుకునే ముందు మేనకోడలు తన పాత గిటార్ మీద ఒక్క ఇ మేజర్ కార్డ్ వాయించింది. ఆరు తీగలూ మీటి చెయ్యి గాల్లోనే ఆపేసింది. మోత సన్నబడి సన్నబడి పోయేదాకా కదలలేదు.

"ఇది నాదేనా మావయ్యా?"

శ్రుతి సంగతి చిన్నదే గానీ వదలకూడదు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి, 'ఏ' అనే స్వరం 440 హెర్ట్జ్ లెక్కన, లావు తీగ 82 హెర్ట్జ్ నుంచి సన్న తీగ 330 హెర్ట్జ్ దాకా అన్ని గిటార్లూ ఒకే శ్రుతిలో ఉండాలి. ఒకటి రవ్వంత ఎక్కువ శ్రుతిలో ఉంటే చెవికి అదే చురుగ్గా, హుషారుగా తోస్తుంది. పిక్ కూడా ఒక్కటే వాడాలి. పలచటి పిక్‌తో టకటకా, మందపు పిక్‌తో గుండ్రంగా వస్తుంది. చేతిలో పిక్ మారితే గిటార్ మారినట్టే.

ఇంకొక్క కొలత. పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు తీసుకోండి. 12వ ఫ్రెట్ మీద తీగ ఎంత ఎత్తులో ఉందో చూడండి. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండుకు అటూ ఇటూ ఉంటే చేతికి హాయి. మేనకోడలి ఎఫ్310లో లావు తీగ కింద మూడు దాటింది. అంత ఎత్తున్న తీగను నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి. నొప్పి పెట్టే గిటార్ నాదం కూడా మనకు నచ్చదు. చెవి తీర్పులో వేళ్ల బాధ కలిసిపోతుంది. రిపేరు చేసేవాళ్ల దగ్గర బ్రిడ్జి మీది తెల్లటి శాడిల్‌ను అడుగున ఒక మిల్లీమీటరు అరగదీయిస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుంది. చిన్న పని, చాలా మార్పు.

గది మాట

పొద్దున్న ఐదున్నరకు కూర్చున్నాం. గుడి మైకు మొదలయ్యేలోపు, పాల బండ్లు రాకముందు, వంటింట్లో కుక్కర్ పెట్టకముందు మన ఇళ్లలో దొరికే నిశ్శబ్దం ఆ గంటే. ఫ్యాన్ ఆపేశాం. మేలో ఫ్యాన్ ఆపడం అంటే తపస్సే గానీ, రెక్కల చప్పుడు గిటార్ నాదంలోని సన్నటి తోకను మింగేస్తుంది. మంచి గిటార్ తేడా అంతా ఆ తోకలోనే ఉంటుంది.

హాల్లో కూర్చోవద్దు. మన హాళ్లలో నాపరాయో టైల్సో నేల, సున్నం గోడలు, కాంక్రీటు శ్లాబు. ప్రతి గిటారూ గుళ్లో గంటలా మోగుతుంది, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. పరుపూ దుప్పట్లూ తలగడలూ బట్టల బీరువా ఉన్న పడకగది మేలు. గది మూలకు ఆనుకుని కూర్చుంటే మంద్ర స్వరాలు లేనిపోని బలం తెచ్చుకుంటాయి. గోడకు దూరంగా జరిగి, చేతుల్లేని కుర్చీ ఒకటి వేసి, దాని కాళ్ల దగ్గర నేల మీద సుద్దముక్కతో గీత గీశాను. ఎవరు కూర్చున్నా కుర్చీ ఆ గీత దాటకూడదు. వినేవాళ్ల కుర్చీకి కూడా అంతే. ఒక అడుగు ముందుకు జరిగితే మారిపోయేంత సున్నితమైన తేడాల కోసం మనం వెతుకుతున్నాం.

వాయించని గిటార్లను గదిలో ఊరికే నిలబెట్టకూడదు. ఒక వీణ మీటితే పక్కనున్న వీణలో అదే శ్రుతి తీగ తనంతట తనే మోగుతుంది కదా. గిటార్లూ అంతే. పక్కవి వంతపాడితే వాయించే గిటార్‌కి లేని నిండుదనం వస్తుంది. సంచుల్లో పెట్టెయ్యండి, లేదా తీగల మధ్య తువ్వాలు దూర్చండి.

చెక్కకు గాలి తేమ తెలుస్తుంది. 45 నుంచి 55 శాతం తేమ గిటార్‌కి సుఖం. విశాఖ, కాకినాడల సముద్రపు గాలికి చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, నాదం మందగిస్తుంది. హైదరాబాదులో వేసవి గాలికి ఎండి ముడుచుకుంటుంది. ఏసీ గదిలోంచి తీసుకొచ్చిన గిటార్‌నూ, హాల్లో పడున్న గిటార్‌నూ అప్పటికప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చవద్దు. ఒక రాత్రి ఒకే గదిలో ఉంచండి.

ఏం వాయించాలి

మీకు బాగా వచ్చినదే వాయించండి. గొప్పగా వాయించాలనుకుంటే ధ్యాసంతా వేళ్ల మీదకు పోతుంది, చెవి ఖాళీ అవుతుంది. మొదట లావు తీగను విప్పుగా ఒక్కసారి మీటి, మోత పూర్తిగా ఆరిపోయేదాకా లెక్కపెట్టండి. తర్వాత ఒక నిండు కార్డ్, ముందు తలుపు తట్టినంత మెల్లగా, ఆ తర్వాత గట్టిగా. కొన్ని గిటార్లు మెల్లగా మీటితే మంచంలోంచి లేవవు, గట్టిగా కొడితేనే పలుకుతాయి. కొన్ని ముట్టుకుంటే చాలు పలుకుతాయి గానీ గట్టిగా కొట్టేసరికి గొంతు పగులుతుంది. రాత్రిళ్లు ఒంటరిగా వేళ్లతో మీటుకునేవాళ్లకు మొదటి రకం పనికిరాదు. పదిమందిలో పాటకు వాయించేవాళ్లకు రెండోది చాలదు. ఈ ఒక్క పరీక్షతో సగం నిర్ణయం అయిపోతుంది.

కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. మాయామాళవగౌళలో సరళీ వరస. ఆ స్వరాలన్నీ గిటార్ మెట్ల మీద చక్కగా దొరుకుతాయి. ఐదో తీగ మూడో ఫ్రెట్‌ను షడ్జం చేసుకుని పైషడ్జం దాకా వెళ్లి కిందకు రండి, ఒకే వేగం, ఒకే బలం. చిన్నప్పటి నుంచి చెవిలో నాటుకుపోయిన వరస కాబట్టి, తీగ మారే చోట గొంతు మారినా, ఒక స్వరం మిగతావాటికంటే గుమ్మని లేచినా, ఇంకోటి చప్పగా చచ్చిపోయినా వెంటనే తెలిసిపోతుంది. నేను ఏ గిటార్ చేతికొచ్చినా ముందు చేసేది ఇదే. పెద్ద సైజు గిటార్లలో ఏదో ఒక మంద్ర స్వరం మిగతావాటి మీద పెత్తనం చేస్తుంటుంది. లోపలి గాలి తన సొంత శ్రుతిలో స్పందించడం వల్ల అలా జరుగుతుంది. ఆ శ్రుతి సాధారణంగా 100 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది.

విన్నది వెంటనే రాసుకోవాలి. ఇక్కడ నాదొక గట్టి అభిప్రాయం ఉంది. వార్మ్, బ్రైట్, రిచ్ లాంటి దుకాణం మాటలు రాయకండి. ఆ మాటలకు ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం. వారం తర్వాత మీ నోట్సు చదివితే మీకే ఏమీ వినపడదు. మన భాషలో చప్పుళ్లకు ఉన్నన్ని మాటలు చూడండి. ఖంగు, గణగణ, గుమ్ము, టింగు, జుమ్ము, గరగర, బొంగురు, కీచు. నాదం పొడిగా ఉందా, తడిగా ఉందా? గొంతు ముక్కులోంచి వస్తోందా, బొడ్డులోంచి వస్తోందా? మేనకోడలు తన పుస్తకంలో ఎఫ్310 గురించి "డబ్బాలో శనగలు పోసినట్టు, కానీ ముద్దుగా" అని రాసింది. నా గిటార్‌కి "అమ్మ లోపలి గదిలోంచి పిలిచినట్టు" అని రాసింది. నెల తర్వాత ఆ రెండు వాక్యాలు చదివినా నాకు రెండు గిటార్లూ వినిపించాయి.

కళ్లకు గంతలు

చెక్క అంటే మన వాళ్లకు భక్తి ఉంది, ఉండడంలో తప్పులేదు. బొబ్బిలిలో పనస చెక్కతో వీణలు చేస్తారు. ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణకు ఉన్న గౌరవం తెలిసిందే. గిటార్ లోకంలో ఆ గౌరవం రోజ్‌వుడ్‌ది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. అప్పటినుంచి మన దక్షిణాది అడవుల చెక్క ప్రపంచమంతా గిటార్ల వీపుల మీద కనిపిస్తోంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఆ అందమే చిక్కు. కన్ను ముందే తీర్పు చెప్పేస్తే, చెవి తలూపుతుంది.

1862లో స్పెయిన్‌లో ఆంతోనియో దె తోరెస్ అనే గిటార్ శిల్పి ఒక పని చేశాడు. మంచి పైపలక పెట్టి, వీపూ పక్కలూ మాత్రం అట్టతో చేశాడు. నాదానికి పైపలకే ప్రాణమని నిరూపించడానికి. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. వీపూ పక్కల చెక్క తప్ప మిగతాదంతా ఒకేలా ఉండే ఆరు గిటార్లను ఒకే శిల్పి చేత చేయించారు. ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి చవకైన సపీలీ దాకా ఆరు రకాల చెక్కలు. 52 మంది గిటార్ వాద్యకారులకు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయించి చెప్పమన్నారు. ఆరింటికీ మార్కులు దాదాపు ఒకేలా పడ్డాయి. చేతిలో ఏ చెక్క ఉందో పోల్చుకోవడం కూడా వాళ్లకు కష్టమైంది. రోజూ గిటార్ పట్టేవాళ్ల సంగతే అది.

మేమూ అదే చేశాం. మేనకోడలి కళ్లకు తువ్వాలు కట్టి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. వాయించింది నేను. తన చేతికి గిటార్ ఇస్తే మెడ మందం, తీగల ఎత్తు వేళ్లకు తెలిసిపోతాయి, గుట్టు రట్టవుతుంది. వాళ్ల తమ్ముడు మంచం మీద కూర్చుని నాణెం ఎగరేసి, నాకు వేలితో సైగ చేశాడు. బొమ్మ పడితే ఎఫ్310, బొరుసు పడితే ఎఫ్‌జీ800. పదిసార్లు. వాడు కాగితం మీద గీతలు గీసుకున్నాడు. మధ్యలో మాటల్లేవు. ఒకదాని తర్వాత ఒకటి వెంటవెంటనే వాయించాలి. నాదం తాలూకు సూక్ష్మమైన జ్ఞాపకం కొన్ని సెకన్లకు మించి నిలవదు. నిన్న విన్నదాన్ని ఈవేళ విన్నదానితో పోల్చడం దాదాపు ఊహే.

అసలైన ప్రమాదం మోత. రెండిట్లో కాస్త గట్టిగా వినిపించేదే మనకు బాగున్నట్టు తోస్తుంది. ఒక డెసిబెల్ తేడాను మనం "ఇది గట్టిగా ఉంది" అని గుర్తుపట్టం, "ఇది బాగుంది" అంటాం. అందుకని ముందు ఫోన్‌లో మోత కొలిచే యాప్ పెట్టి, వినేవాళ్ల చెవి దగ్గర ఉంచి, ఒకే కార్డ్‌ను ఒకేలా మీటి చూశాం. ఫోన్ చెప్పే అంకె కచ్చితం కాకపోవచ్చు, కానీ పోల్చడానికి చాలు. ఎఫ్‌జీ800 మోత ఎక్కువ. ఆ తేడా సరిపోయేదాకా దాన్ని కొంచెం మెల్లగా మీటాను. నాకు చాలా సాధన పట్టింది గానీ, ఇది చెయ్యకపోతే మిగతా అంతా వృథా.

ఎఫ్310కీ ఎఫ్‌జీ800కీ మధ్య తను పదికి తొమ్మిది సరిగ్గా చెప్పింది. గుడ్డిగా ఊహిస్తే పదికి తొమ్మిదో పదో రావడానికి నూటికి ఒక్క అవకాశం ఉంటుంది. అంటే తేడా నిజం. తర్వాత ఎఫ్‌జీ800నీ దుకాణం రోజ్‌వుడ్ గిటార్‌నీ పెట్టాం. పదికి ఆరు. బొమ్మా బొరుసుకీ దానికీ పెద్ద తేడా లేదు. తువ్వాలు విప్పి కాగితం చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజ్‌వుడ్ ధర నా గిటార్ ధరకు రెట్టింపు పైనే.

ఇద్దరు ముగ్గురు తోడు దొరకనివాళ్లు రికార్డు చేసుకోవచ్చు. ఫోన్‌ను విమానం గుర్తు నొక్కి, 12వ ఫ్రెట్‌కి ఎదురుగా అడుగు దూరంలో స్టూలు మీద పెట్టండి. సౌండ్ హోల్ ఎదురుగా పెడితే గాలి దెబ్బకు అంతా బొంయ్‌మంటుంది. ఫోన్ తనంతట తనే మోతను హెచ్చించి తగ్గిస్తుంది కాబట్టి ఏది గట్టిగా ఉందో రికార్డింగు చెప్పలేదు, గొంతు తీరు మాత్రం చెబుతుంది. ఫైళ్లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలే పెట్టి, ఏ అంకె ఏ గిటారో వేరే కాగితంలో రాసి మడిచిపెట్టి, రెండు రోజులాగి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లుగా పంపించుకుని పోల్చవద్దు. అది మాటల కోసం నాదాన్ని నలిపి చిన్నది చేస్తుంది. మనం వెతికే తేడాలే ముందు పోతాయి.

ఇదంతా అయ్యాక కళ్లు తెరిచి వాయించుకోవడం కూడా అవసరమే. గంతల పరీక్షలో గెలిచిన గిటార్ ఒళ్లో ఇమడకపోవచ్చు. డ్రెడ్‌నాట్ అని పిలిచే పెద్ద ఆకారం బ్రిటిష్ యుద్ధనౌక పేరుతో 1916లో పుట్టింది. పాటలకు వెనక వాయించడానికి నిండుగా ఉంటుంది, సన్నగా ఉన్నవాళ్లకు భుజం లాగుతుంది. మూడు గిటార్లూ మూడు రోజులు స్టాండ్ల మీద పెట్టి, పనిలోంచి తలెత్తినప్పుడల్లా చెయ్యి దేనిమీదకు పోతోందో చూసుకోండి. నా లెక్కలో దానికి కూడా చెవి తీర్పుకున్నంత విలువ ఉంది.

మేనకోడలు దుకాణం గిటార్‌ను ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేసి డిపాజిట్ తెచ్చుకుంది. ఎఫ్310 శాడిల్ అరగదీయించి, ఆ తర్వాత దానిమీదే సాధన చేసింది. దీపావళికి బోనస్ వచ్చాక ఎఫ్‌జీ800 కొంది. పాతది ఇప్పుడు తమ్ముడి దగ్గరుంది.

మీరూ కొత్త గిటార్‌కి డబ్బు తీసేముందు ఇంట్లో ఉన్నదానికి మంచి తీగలు వేయండి. ఒక రాత్రి ఆగండి. తెల్లవారుజామున ఫ్యాన్ ఆపేసి, లావు తీగను ఒక్కసారి మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా వినండి.